ఇంట్లో పగడాల తొట్టె – ఆరో పాఠం: ఎండాకాలం, ఒక ఫ్యాను, లీటరు నీళ్ళు

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. మా తొట్టెలో పగడాలు రోహిణిని తట్టుకున్నాయి గానీ మృగశిరలో తెల్లబడ్డాయి. విజయవాడలో 43, 44 కాసినన్నాళ్ళూ నిక్షేపంలా ఉన్నాయి. తొలకరి పడి ఊరంతా హమ్మయ్య అనుకున్న వారంలో దెబ్బతిన్నాయి. ఎందుకో అర్థమైతే ఈ పాఠంలో సగం వచ్చేసినట్టే.

ముందు పోయినసారి ఇచ్చిన పని చూద్దాం. పొద్దున ఆరింటికీ, మధ్యాహ్నం మూడింటికీ, రాత్రి పదింటికీ నీటి ఉష్ణోగ్రత రాయమన్నాను. పై అంతస్తులో ఉండేవాళ్ళ కాగితంలో చాలామటుకు రాత్రి అంకే పెద్దదిగా ఉంటుంది. శ్లాబు పగలంతా తాగిన ఎండని రాత్రి మన మీద కక్కుతుంది కదా. రోజు మొత్తంలో తేడా ఒక డిగ్రీ లోపు ఉంటే మీ తొట్టె బాగున్నట్టు. రెండు దాటితే ఈ పాఠం మీ కోసమే.

మనకి కావలసింది 25 నుంచి 27. ఎండాకాలంలో 24 కోసం తాపత్రయపడకండి, 27 దగ్గర కదలకుండా నిలిస్తే చాలు. 30 దాటి రోజుల తరబడి ఉంటే పగడం తన కణాల్లో దాచుకున్న జూజాంథెల్లే అనే నాచుని బయటికి తోసేస్తుంది. పగడానికి రంగూ, తిండిలో ఎక్కువ భాగమూ ఆ నాచు వల్లే. అది పోతే మిగిలేది తెలుపు. వెంటనే చావదు, ఆకలితో ఉంటుంది. వేడి తగ్గితే నాచు మళ్ళీ చేరి కోలుకోవచ్చు. (మనం పెంచుతున్నవి మష్రూములు, బటన్ పాలిప్‌లు, లెదర్‌ల లాంటి మెత్తనివేనని మరిచిపోకండి. రాతి పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. ఎవరు అమ్మజూపినా ముట్టుకోవద్దు.)

ఇప్పుడు వేడి లెక్క. భయపడకండి, కూడికలూ భాగహారాలే.

సంపుతో (నీళ్ళు శుభ్రమవడానికి తొట్టె కింద పెట్టే రెండో తొట్టె) కలిపి 200 లీటర్ల తొట్టె అనుకుందాం. అందులోంచి ఒక్క లీటరు ఆవిరైతే దాదాపు 2,430 కిలోజౌళ్ళ వేడిని పట్టుకుపోతుంది. 200 లీటర్ల ఉప్పునీటిని ఒక డిగ్రీ దించడానికి 820 తీస్తే చాలు. అంటే బయటి నుంచి కొత్త వేడి చేరకపోతే లీటరు ఆవిరి మూడు డిగ్రీలు దించుతుంది. అదే లీటరు నీళ్ళని ఐసుగడ్డ చేసి సీసాతో సహా తొట్టెలో వేస్తే, కరిగి 26 డిగ్రీలకి వచ్చేలోపు అది మింగేది 440 చిల్లర. అంటే అర డిగ్రీ. ఫ్రిజ్జు నిండా సీసాలు పేర్చి, గంటకోసారి లేచి మార్చిన రాత్రులు నాకూ ఉన్నాయి. ఈ లెక్క ముందే వేసుకుని ఉంటే పడుకునేవాణ్ణి.

ఇదే లెక్క రెండోవైపు నుంచి చూడండి. నీళ్ళలో మునిగి తిరిగే 30 వాట్ల పంపు రోజంతా పోసే వేడి దాదాపు 2,590 కిలోజౌళ్ళు. ఆ ఒక్క పంపు వేడి తీయడానికే రోజుకి లీటరు పైన ఆవిరి కావాలి. కాబట్టి ఫ్యాను కొనేముందు మీ పంపుల మీద రాసి ఉన్న వాట్లన్నీ కూడండి. అవసరం లేని పంపుని తీసేయడం అన్నిటికంటే చవకైన చల్లదనం.

ఫ్యాను విషయం. పాత కంప్యూటర్లో ఉండే 12 వోల్టుల ఫ్యాను, 120 మిల్లీమీటర్లది, ఒకటి రెండు చాలు. నీటి మీదికి నిలువుగా కాకుండా ఏటవాలుగా, గాలి నీటి పైపొరని రాసుకుంటూ పోయేలా బిగించండి. అద్దం మూత తీసేసి సన్నటి వల వేయండి, లేకపోతే చేప ఎగిరి నేల మీద దొరుకుతుంది. 230 వోల్టుల టేబుల్ ఫ్యాన్ని తొట్టె మీద వేలాడదీయొద్దు. ఉప్పు తుంపర దాని మోటారులోకి పోతుంది, ఆపైన ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ప్రతి వైరూ ప్లగ్గు కంటే కిందికి దిగి మళ్ళీ పైకి వెళ్ళాలి, అప్పుడు కారిన నీళ్ళు ప్లగ్గులోకి పోకుండా కింద నేల మీద పడతాయి.

ఇక మృగశిర సంగతి.

ఆ వారం ఒక సాయంత్రం వంటింట్లో కుండలో నీళ్ళు ముంచుకుని తాగి, ఇవేం చల్లగా లేవేమిటని అడిగాను. మా అమ్మ తలెత్తకుండానే, "వాన పడ్డాక కుండలో నీళ్ళు చల్లబడవురా, ఫ్రిజ్జులో సీసా తీసుకో" అంది. గ్లాసు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. చెమర్చే కుండా, ఫ్యాను కింద తొట్టే చేసే పని ఒకటే. గాలి పొడిగా ఉంటే నీళ్ళు ఆవిరై వేడి పోతుంది. గాలి అప్పటికే తడితో నిండి ఉంటే ఆవిరి ఎక్కడికి పోతుంది? వడగాడ్పు మన ప్రాణం తీస్తుంది గానీ తొట్టెకి మేలే చేస్తుంది. ఉక్కపోత తొట్టెకి శత్రువు.

దీన్ని కొలవొచ్చు. గోడకి తగిలించే మామూలు గాజు థర్మామీటరు తీసుకోండి, జ్వరం చూసేది పనికిరాదు. కింద గుండుకి పల్చటి నూలుగుడ్డ చుట్టి, గదిలో నిలవున్న నీళ్ళతో తడిపి, ఐదు నిమిషాలు ఫ్యాను గాలికి పెట్టండి. అంకె దిగి దిగి ఒకచోట ఆగుతుంది. మీ తొట్టెని అంతకంటే కిందికి దించడం ఫ్యాను వల్ల కాదు. పంపులూ లైట్లూ వేసే వేడి వల్ల నీళ్ళు ఇంకాస్త పైనే ఆగుతాయి. మా హాల్లో మే నెలలో గది 36 ఉన్నప్పుడు తడిగుడ్డ అంకె 24 చిల్లర, తొట్టె 27. జూన్‌లో గది 33కి తగ్గింది, తడిగుడ్డ మాత్రం 28కి ఎక్కింది, తొట్టె 30న్నర. గది చల్లబడిందని చూసి చల్లటి గాలి వస్తుందని కిటికీలన్నీ తెరిచిపెట్టింది నేనే.

తడిగుడ్డ అంకె 26 దాటిన రోజు ఫ్యానుని నమ్ముకోవద్దు. ఆ రోజుకి మందు ఏసీ. ఏసీ గాలిని చల్లబరచడమే కాదు, అందులో తడి కూడా లాగేస్తుంది, దాంతో ఫ్యానుకి మళ్ళీ బలం వస్తుంది. గది 27లో ఉంచితే చాలు. మా హాల్లో ఏసీ లేదు. కిటికీలు మూసి, పడకగది తలుపు తీసి, అక్కడి చల్లగాలిని స్టాండు ఫ్యానుతో హాల్లోకి తోలాను. తొట్టె మూడు రోజుల్లో 28కి దిగింది. లైటు సగానికి తగ్గించాను, వేడికి వెలుగు తోడైతే తెల్లబడడం ఎక్కువవుతుంది. బటన్లకి రెండు నెలల్లో రంగొచ్చింది. మష్రూములు కొన్ని పోయాయి. అన్నట్టు, తలుపులు బిడాయించి ఎయిర్ కూలరు పెట్టడం ఏసీతో సమానం కాదు, అది గదిలోకి తడిని చేరుస్తుంది.

చిల్లర్ (తొట్టె నీటిని చల్లబరిచే యంత్రం) కొనగలిగితే కొనండి. ఒక్క మాట మాత్రం: నీళ్ళలోంచి తీసిన వేడినీ, తన సొంత వేడినీ అది గదిలోకే వదులుతుంది. "స్టాండు కింద అల్మరాలో పెట్టుకోండి సార్, కనపడదు" అన్నాడు అమ్మిన కొట్టాయన. తలుపు మూసి పెట్టాను. తన వేడి తనే పీల్చుకుంటూ రాత్రంతా ఆగకుండా తిరిగింది, నీళ్ళు అర డిగ్రీ కూడా దిగలేదు. బాల్కనీ పక్కన గాలాడేచోట పెట్టి, నెలకోసారి జాలీ దుమ్ము దులపండి.

ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పు తొట్టెలోనే ఉంటుంది. రోజుకి మూడు లీటర్ల చొప్పున వారం పాటు పోయకుండా వదిలేస్తే వెయ్యికి 35 పాళ్ళు ఉన్న ఉప్పదనం 39కి చేరుతుంది. తగ్గినమేర టీడీఎస్ (నీటిలో కరిగి ఉన్న లవణాల లెక్క) సున్నా ఉన్న మంచినీళ్ళే పోయాలి, ఉప్పునీళ్ళు కాదు. ఒకేసారి గుమ్మరించకుండా పూటకి కొంచెం.

లైట్లు నేను తెల్లవారుజామున నాలుగింటికి వెలిగించి పన్నెండుకి ఆర్పేస్తాను, గది వేడెక్కే వేళకి తొట్టె చీకట్లో ఉంటుంది. వేళ మార్చేటప్పుడు రోజుకో గంట చొప్పున జరపండి. "చేపలకి బ్రాహ్మీ ముహూర్తంలో దీపమా" అని మా అమ్మ రెండు వారాలు నవ్వింది.

కరెంటు పోతే వేడి గురించి కాదు, ముందు ఆక్సిజన్ గురించి చూడాలి. 200 లీటర్లు నెమ్మదిగా వేడెక్కుతాయి, ఊపిరి మాత్రం తొందరగా తగ్గుతుంది. సముద్రపు నీటిలో 25 డిగ్రీల దగ్గర లీటరుకి 6.7 మిల్లీగ్రాముల దాకా కరిగే ఆక్సిజన్, 30 దగ్గర 6.2కి పడిపోతుంది, చేపలకి మాత్రం అప్పుడే ఎక్కువ కావాలి. బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి సిద్ధంగా ఉంచుకోండి. కరెంటు వచ్చేదాకా మేత వేయొద్దు.

ఈ వారం పని: పంపుల వాట్లు కూడి 28తో భాగించండి, వాటి వేడికే రోజుకి ఎన్ని లీటర్లు ఆవిరి కావాలో తెలుస్తుంది. రోజూ తగ్గినమేర ఎన్ని మగ్గులు పోశారో, తడిగుడ్డ అంకె ఎంతో పక్కపక్కన రాయండి. ఉక్కపోసిన రోజు మగ్గులు తగ్గుతాయి, గమనించండి. వచ్చే పాఠంలో ఆ మగ్గు పని మనకి తప్పించే ఫ్లోట్ వాల్వు బిగిద్దాం. అరంగుళం డ్రిల్లు బిట్టు, టెఫ్లాన్ టేపు తెచ్చిపెట్టుకోండి.