సెంటాస్ 7 మీదున్న పెద్ద జాబిక్స్‌ను కొత్త సర్వర్‌కి ఎలా మార్చాలి?

సర్వర్లలో వాడే లినక్స్ ఓఎస్ సెంటాస్ 7కి 2024 జూన్ 30తో కాలం చెల్లింది. అయినా దాని మీద జాబిక్స్ 5.0 నడుపుతున్నవాళ్లు ఇంకా తగులుతూనే ఉన్నారు. నడుస్తున్నదాన్ని కెలకడం ఎందుకని, అంతే. తెలియనివాళ్ల కోసం ఒక్కమాట: ఆఫీసులో ఉన్న సర్వర్లు, స్విచ్‌లు బతికున్నాయా, డిస్కు నిండుతోందా అని రాత్రీపగలూ చూస్తూ, తేడా వస్తే మనకి మెసేజ్ కొట్టే సాఫ్ట్‌వేర్ జాబిక్స్. పదీ ఇరవై మెషీన్లయితే కొత్తగా పెట్టేసుకోండి, గొడవ లేదు. నేను చెప్పేది రెండు మూడు వేల హోస్టులు (జాబిక్స్ కాపలా కాసే మెషీన్లు), పాతిక ప్రాక్సీలు (కొన్ని హోస్టుల డేటా పోగుచేసి సర్వర్‌కి పంపేవి), పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో వందల జీబీల హిస్టరీ ఉన్న సెటప్ గురించి. జాబిక్స్ 5.0 నుంచి 7.0కి, సెంటాస్ 7 నుంచి దాని బదులు వాడే ఆల్మా 9 లేదా రాకీ 9కి.

అదే మెషీన్ మీద ఓఎస్ అప్‌గ్రేడ్ చేద్దామన్న ఆలోచన ముందే వదిలేయండి. 7 నుంచి 9కి నేరుగా వెళ్లలేం, మధ్యలో 8 మీద ఆగాలి, ఎక్కడో ఇరుక్కుంటే పాత మానిటరింగూ ఉండదు, కొత్తదీ ఉండదు. కొత్త వీఎం (వర్చువల్ మెషీన్) అడగండి. పాతదాన్ని ముట్టుకోకండి.

సర్వర్ చుట్టూ ఏమేం ఉన్నాయో రాసుకోండి

జాబిక్స్ అప్‌గ్రేడ్ నిజానికి తేలికే. మనల్ని ముంచేది దాని పక్కన ఐదారేళ్లుగా పేరుకున్న చిల్లర సామాను. అలర్ట్ స్క్రిప్టులు, ఎక్స్‌టర్నల్ స్క్రిప్టులు, క్రాన్ జాబులు, ఓడీబీసీ డ్రైవర్లు, ఎవరో ఎప్పుడో హోస్ట్స్ ఫైల్లో చేర్చిన నాలుగు లైన్లు. వీటిలో ఏదీ డేటాబేస్ డంప్‌లో (డేటా మొత్తాన్నీ ఫైళ్లలోకి తీసే కాపీలో) రాదు.

నా అనుభవం చెప్తాను. ఒకచోట రాత్రి రెండింటికి మైగ్రేషన్ అయిపోయింది, డాష్‌బోర్డ్ కళకళలాడుతోంది, ఒక్క ఎస్సెమ్మెస్ కూడా రాలేదు, హాయిగా పడుకున్నాం. పొద్దున చూస్తే ఒక డేటాబేస్ సర్వర్ డిస్కు నిండిపోయి ఉంది. జాబిక్స్ పసిగట్టింది కూడా. మెసేజ్ పంపే స్క్రిప్టు పైథాన్ 2లో రాసింది, ఆల్మా 9లో పైథాన్ 2 లేదు. ఎవరూ చూడలేదు, నాతో సహా. అందుకే ప్రతి స్క్రిప్టునీ జాబిక్స్ యూజర్‌తో కొత్త మెషీన్ మీద చేత్తో నడిపి చూడండి. రూట్‌తో నడిపితే లెక్కలోకి రాదు.

పాత స్విచ్‌లు ఉన్నవాళ్లకి ఇంకో తలనొప్పి. ఆల్మా 9, రాకీ 9లలో షా-1 సంతకాలు, టీఎల్‌ఎస్ 1.0, 1.1 లాంటి పాత భద్రతా పద్ధతుల్ని మామూలుగా ఒప్పుకోరు, కాబట్టి ముసలి డివైజుల్లోకి ఎస్‌ఎస్‌హెచ్, హెచ్‌టీటీపీఎస్‌తో వెళ్లే చెక్‌లు ఒక్కసారిగా ఎర్రబడతాయి. దానికని మెయిన్ సర్వర్‌లో క్రిప్టో పాలసీ సడలించకండి. అలాంటి డివైజులన్నిటినీ ఒక ప్రాక్సీ వెనక్కి చేర్చి, ఆ ఒక్క ప్రాక్సీలో సడలించండి.

డేటాబేస్: ఫోల్డర్ కాపీ చేయొద్దు

టైమ్ కలిసొస్తుందని పోస్ట్‌గ్రెస్ డేటా డైరెక్టరీని ఉన్నదున్నట్టు కొత్త మెషీన్‌కి తీసుకెళ్లాలనిపిస్తుంది. వద్దు. సెంటాస్ 7లో జీలిబ్‌సీ (అక్షరాల వరుస లాంటివి చూసే లినక్స్ మూల లైబ్రరీ) 2.17, ఆల్మా 9లో 2.34. మధ్యలో 2.28లో అక్షరాల వరుస లెక్క మారిపోయింది. కావాలంటే రెండు మెషీన్లలోనూ "1-1", "11" అన్న రెండు లైన్లని ఇంగ్లిష్ యూటీఎఫ్-8 లొకేల్‌తో సార్ట్ చేసి చూడండి. పాతదాంట్లో 11 ముందొస్తుంది, కొత్తదాంట్లో 1-1. ఇంతేనా అనుకోకండి. పాత వరుసలో కట్టిన ఇండెక్స్‌ని కొత్త వరుసలో వెతికితే హోస్టు టేబుల్లో ఉంటుంది, పేరిచ్చి అడిగితే మాత్రం దొరక్కపోవచ్చు. మన హోస్ట్ పేర్ల నిండా ఉండేవి హైఫన్లే కదా.

కాబట్టి డంప్ తీసి రీస్టోర్ చేయడమే మంచిది, ఇండెక్సులన్నీ కొత్తగా కట్టుకుంటాయి. డైరెక్టరీ ఫార్మాట్‌లో తీస్తే నాలుగైదు జాబులు ఒకేసారి నడపొచ్చు. టైమ్‌స్కేల్ (పోస్ట్‌గ్రెస్‌కి తగిలించే ఎక్స్‌టెన్షన్) వాడుతుంటే రెండువైపులా దాని వెర్షన్ ఒకటే ఉండాలి, అది ముందు సరిచేసుకోండి. డంప్ మరీ పెద్దదైతే నెల ముందే హిస్టరీ నిల్వ రోజులు తగ్గించండి. 90 రోజుల పచ్చి డేటా చాలామందికి అక్కర్లేదు, పాత గ్రాఫులకి ట్రెండ్స్ (గంటగంటకీ దాచే సారాంశం) చాలు. జాబిక్స్‌లో పాత డేటా తుడిచే హౌస్‌కీపర్ చెరిపేశాక డిస్కులో ఫైల్ సైజు తగ్గినట్టు కనిపించదు, కంగారుపడకండి, డంప్ మాత్రం తగ్గుతుంది.

రిహార్సల్ తప్పనిసరి

కొత్త వీఎంలో పోస్ట్‌గ్రెస్, జాబిక్స్ 7.0 పెట్టండి. ఈపెల్ అనే అదనపు ప్యాకేజీల రిపోలో కూడా జాబిక్స్ ప్యాకేజీలున్నాయి, అవి మధ్యలో దూరకుండా ఆ రిపోలో జాబిక్స్‌ని మినహాయించండి. పీహెచ్‌పీ 8.0 కావాలి, అది 9తోనే వస్తుంది.

డంప్ రీస్టోర్ అయ్యాక, జాబిక్స్ సర్వర్‌ని స్టార్ట్ చేసేముందు, యాక్షన్స్ (ఎప్పుడు ఎవరికి మెసేజ్ కొట్టాలో చెప్పే రూల్స్) టేబుల్లో అన్నిటి స్టేటస్ 1 చేసి ఆపేయండి. ముందునుంచే ఆపేసి ఉన్నవేవో రాసిపెట్టుకోండి, లేకపోతే తర్వాత అవి కూడా ఆన్ చేసేస్తారు. ఇది మర్చిపోతే ఏమవుతుందంటే, కొత్త సర్వర్ ఐపీని హోస్టుల్లో నడిచే ఏజెంట్లు (జాబిక్స్‌కి సమాచారమిచ్చే ప్రోగ్రాములు) గుర్తించవు, మూడు వేల హోస్టులూ పోయాయనుకుని అది మేనేజర్‌తో సహా అందరికీ మెసేజ్‌లు కొడుతుంది.

స్టార్ట్ చేయగానే డేటాబేస్‌ని అదే అప్‌గ్రేడ్ చేసుకుంటుంది, ఎంత శాతం అయిందో లాగ్‌లో రాస్తుంది. ఒక అంకె దగ్గర చాలాసేపు ఆగితే టెన్షన్ పడి చంపేయకండి. డంప్, రీస్టోర్, అప్‌గ్రేడ్ దేనికెంత పట్టిందో కాగితం మీద రాయండి. ఆ రాత్రికి మేనేజ్‌మెంట్‌ని అడగాల్సిన టైమ్ అదే, దానికి ఇంకో సగం కలపండి.

పాత కాన్ఫిగ్ ఫైల్‌ని యథాతథంగా దించకండి. 7.0లో ఏజెంట్, ఎస్ఎన్ఎంపీ, హెచ్‌టీటీపీ పోలర్లు (డేటా అడిగి తెచ్చే ప్రాసెస్‌లు) విడివిడిగా వచ్చాయి. కొత్త ఫైల్ తీసుకుని, మీరు మార్చిన లైన్లు మాత్రమే చూసి చేర్చండి.

ఆ రాత్రి

ఐపీ మార్చకండి. మారిస్తే మూడు వేల ఏజెంట్ల కాన్ఫిగ్, దాంతోపాటు ఎవరెవరి చేతుల్లోనో ఉన్న ఫైర్‌వాల్ రూల్స్ మార్చాలి. పాత సర్వర్ ఆపేసి, దాని ఐపీ కొత్తదానికి ఇవ్వడమే తేలిక.

సర్వర్ అందనప్పుడు ప్రాక్సీలు డేటా దాచుకునే బఫర్ మామూలుగా ఒక్క గంటే. ముందురోజే ప్రాక్సీ ఆఫ్‌లైన్ బఫర్‌ని 24 గంటలు చేసి రీస్టార్ట్ చేయండి. కొత్త సర్వర్ మొరాయించి పాతదానికి తిరిగి వెళ్లాల్సొస్తే, ఆ మధ్య డేటా ప్రాక్సీల దగ్గరే ఉంటుంది. 5.0 ప్రాక్సీలు 7.0 సర్వర్‌తో పనిచేయవు, ఒకే రాత్రి అన్నీ మార్చాలి, అయితే సర్వర్ బాగుందని తేలేదాకా ఒక్కటి మాత్రమే మార్చి చూడండి. ఎస్‌క్యూలైట్ మీద నడిచే ప్రాక్సీలకి డేటాబేస్ అప్‌గ్రేడ్ లేదు, మార్చగానే దాచుకున్నది పోతుంది. ఏజెంట్లని వదిలేయండి, పాత ఏజెంట్లు కొత్త సర్వర్‌తో బాగానే మాట్లాడతాయి, తీరిగ్గా చూసుకోవచ్చు.

ప్రాక్సీలన్నీ మారి, క్యూ (ఆలస్యమైన చెక్‌ల వరుస) తగ్గి, డేటా వస్తోందని చూశాకే యాక్షన్లు ఆన్ చేయండి. తర్వాత ఒక టెస్ట్ సర్వర్‌లో కావాలని డిస్కు నింపి, మీ ఫోన్‌కి మెసేజ్ వచ్చేదాకా కూర్చోండి.

పాత వీఎంని నెలరోజులు ఆపేసి ఉంచండి, డిలీట్ చేయకండి. దాని నెట్‌వర్క్ కార్డ్ మాత్రం ఆ రాత్రే తీసేయండి. ఎవరో ఒకరు ఇదేంటో చూద్దామని ఆన్ చేస్తారు, ఒకే ఐపీతో రెండు జాబిక్స్‌లు లేచి కూర్చుంటాయి.