ఎత్తు ఎక్కలేని పాత క్యాంపర్ వ్యాన్: నా అనుభవం

మాది పాత డీజిల్ వ్యాన్, డీజిల్‌ని ఇంజిన్‌కి అందించే పంపు మెకానికల్ రకం. చదును రోడ్డు మీద బాగానే పోయేది. ఎత్తు వస్తే మాత్రం యాక్సిలరేటర్ ఎంత తొక్కినా లాగేది కాదు. రాత్రంతా ఆపి ఉంచితే పొద్దున స్టార్ట్ అవడానికీ సతాయించేది.

డీజిల్ ఫిల్టర్, ఎయిర్ ఫిల్టర్, ఇంజెక్టర్ల క్లీనింగ్, టర్బో పైపులు... అన్నీ అయ్యాయి, ఫలితం లేదు.

చివరికి దారి చూపింది ఒక పారదర్శకమైన గొట్టం. డీజిల్‌ని తట్టుకునే రకం తెచ్చి ఫిల్టర్‌కీ పంపుకీ మధ్య పెట్టాను. ఇంజిన్ రేజ్ చేస్తే బుడగలు వరసగా వస్తున్నాయి, అంటే డీజిల్‌తో పాటు గాలి కూడా వస్తోంది. తర్వాత ట్యాంకు లైను విప్పి, ఫిల్టర్‌కి వెళ్లే గొట్టాన్నీ రిటర్న్ గొట్టాన్నీ (మిగిలిన డీజిల్‌ని వెనక్కి ట్యాంకుకి పంపేది) శుభ్రమైన డీజిల్ ఉన్న క్యాన్‌లో ముంచాను. గాలి పోయాక బుడగలు మళ్లీ రాలేదు. అంటే తేడా ట్యాంకుకీ ఫిల్టర్‌కీ మధ్యే.

ట్యాంకు పైనున్న చిన్న రబ్బరు గొట్టం క్లిప్పు కింద చిట్లి ఉంది. అక్కడ పంపు పీలుస్తుంది కాబట్టి డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి దూరుతుంది. నేల మీద చుక్క కనిపించకపోతే ఎవరికి అనుమానం వస్తుంది? గొట్టం, క్లిప్పులు మార్చి, హ్యాండ్ ప్రైమర్‌తో (చేత్తో నొక్కే చిన్న పంపు) గాలి తీశాక ఇప్పుడు ఎత్తుల్లోనూ లాగుతోంది.

అందరికీ ఇదే కారణమని అనను. బుడగలు లేకపోతే ట్యాంకులోని జాలీ మూసుకుపోయిందేమో చూడండి. పెట్రోల్ బండికి ఈ క్యాన్ పద్ధతి వద్దు, మంటల ప్రమాదం. కామన్ రైల్ ఇంజిన్లలో (చాలా ఎక్కువ ఒత్తిడితో డీజిల్ చిమ్మే కొత్త తరం డీజిల్ ఇంజిన్లు) హై ప్రెషర్ పైపుల జోలికి అసలు పోవద్దు.