వేట నిషేధం ముగిసేలోగా: బోటులో జీపీఎస్, ఎకో, వీహెచ్‌ఎఫ్ మార్చేవారికి జాగ్రత్తలు

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు చేపల వేట నిషేధం. విశాఖ, కాకినాడ, నిజాంపట్నం హార్బర్లలో ఇంజన్ పని, చెక్క పని, రంగులు అన్నీ అయ్యాక ఆఖరి వారంలో గుర్తొచ్చేది కేబిన్‌లోని జీపీఎస్, ఎకో (నీటి లోతు చూపే సెట్), వీహెచ్‌ఎఫ్ వైర్‌లెస్. అసలు వాటితోనే మొదలుపెట్టాలి. ఎకో సెన్సర్ బిగించాలంటే బోటు గట్టు మీద ఉండాలి. రంగులయ్యాక మళ్లీ అడుగు తొలిస్తే రంగు ఖర్చు, స్లిప్‌వే (బోటును గట్టెక్కించే వాలు) ఖర్చు రెండూ దండగ.

పాత జీపీఎస్ విప్పకముందే అందులోని పాయింట్లన్నీ నోట్‌బుక్‌లో రాసుకోండి. వల చిక్కే రాళ్లు, మునిగిన బోట్లు, మొగలోకి (నది సముద్రంలో కలిసే చోటుకు) వచ్చే దారి, ఏదీ వదలొద్దు. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. 17°30.50' అంటే ముప్పై నిమిషాల మీద అర నిమిషం. కొత్త సెట్ డిగ్రీ-నిమిషం-సెకను పద్ధతిలో ఉంటే అదే అంకెను 17°30'50" అని కొట్టేస్తారు. ఆ రెంటికీ తేడా 600 మీటర్ల పైమాటే. రాయి ఒకచోట, గుర్తు మరోచోట, వల పోయినట్టే. రెండు సెట్లలోనూ పద్ధతి ఒకటే ఉందో లేదో, డేటం (స్థానం లెక్కకు ఆధారమైన కొలమానం) డబ్ల్యూజీఎస్ 84 అని ఉందో లేదో ముందు చూసుకోండి.

పాత సెట్‌ను అమ్మేయొద్దు. వేరే ఫ్యూజు మీద రెండో సెట్‌గా ఉంచండి. తేదీ ఇరవై ఏళ్లు వెనక్కి చూపిస్తుంటే సెట్ చెడిందని కాదు. 2019 ఏప్రిల్ 6న జీపీఎస్ వారాల లెక్క సున్నాకు తిరిగింది, కొన్ని పాత సెట్లు అక్కడే తికమకపడ్డాయి. వాటిలో స్థానం సరిగానే రావచ్చు, తేదీని మాత్రం నమ్మకండి.

ఇక కరెంటు సంగతి. కొత్త సెట్ పనిచేయడం లేదని దుకాణానికి మోసుకెళ్లే ముందు వైరు చూడాలి, తప్పు చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. ఇంజన్ బ్యాటరీ మీదే జీపీఎస్ నడిపితే స్టార్టర్ తిప్పినప్పుడు ఓల్టేజీ పడిపోయి సెట్ ఆగి మళ్లీ మొదలవుతుంది. ఎలక్ట్రానిక్స్‌కు విడి బ్యాటరీ పెట్టండి. 24 ఓల్టుల బోటులో రెండు బ్యాటరీల్లో ఒకదాని నుంచి 12 ఓల్టులు లాగే అలవాటు ఉంది. ఒకటి వాడకం వల్ల ఖాళీ అవుతుంటే రెండోది ఛార్జింగ్‌లో ఉడికిపోతుంది. కొద్ది నెలల్లో రెండూ పోతాయి. 24 నుంచి 12కు దించే కన్వర్టర్ పెట్టండి.

వైరు మందం లెక్కేసి కొనండి. 25 వాట్ల వీహెచ్‌ఎఫ్ మాట్లాడేటప్పుడు దాదాపు 6 ఆంప్స్ లాగుతుంది. బ్యాటరీ 5 మీటర్ల దూరంలో ఉంటే పోను రాను 10 మీటర్ల వైరు. 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరులో 0.7 ఓల్టు పోతుంది. 2.5లో 0.45 దాకా, 4లో 0.28. ఇలాంటి సెట్లకు 3 శాతం మించి పోకూడదు, అంటే 12 ఓల్టుల మీద 0.36. కాబట్టి 4 చదరపు మిల్లీమీటర్లే కొనండి. సన్న వైరు పెడితే వినడం బాగానే ఉంటుంది, బటన్ నొక్కి మాట్లాడగానే సెట్ ఆరిపోతుంది. ఆపదలో తెలిసే లోపం ఇది. ఉప్పుగాలికి తగరం పూసిన రాగి వైరే నిలుస్తుంది. ఇళ్లలో వాడే వైరు లోపల నల్లబడుతుంది. కొసలు మెలేసి టేపు చుట్టకుండా లగ్గు (వైరు కొసకు బిగించే లోహపు ముక్క) నొక్కి, వేడికి బిగుసుకునే జిగురున్న హీట్ ష్రింక్ ట్యూబు వేయండి. ఒక్కో సెట్‌కు ఒక్కో ఫ్యూజు, మెయిన్ ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలో.

ఎకో సెన్సర్‌కు చోటు ముక్కు నుంచి మూడో వంతుకూ సగానికీ మధ్య. దాని ముందర నీటి గొట్టం, బోల్టు, పలక అంచు ఏవీ పొడుచుకు రాకూడదు. అక్కడ పుట్టే బుడగలు సెన్సర్ కింద నుంచి పోతే నడకలో తెర ఖాళీ అయిపోతుంది, నిలబడితే మళ్లీ కనిపిస్తుంది. కీల్‌కు (బోటు అడుగున నిలువునా ఉండే దూలానికి) ఏ పక్కన అంటే, ప్రొపెల్లర్ రెక్కలు కిందికి దిగే పక్కన. అడుగు వాలుగా ఉంటే వాలుకు తగ్గట్టు చెక్క దిమ్మ చెక్కి సెన్సర్ ముఖం నిటారుగా కిందికి చూసేలా పెట్టండి. సెన్సర్ వైరు పొడుగైందని కోయకండి, చుట్ట చుట్టి కట్టేయండి. ఆల్టర్నేటర్, ఇన్వర్టర్ వైర్లతో కలిపి లాగొద్దు. గట్టు మీద ఉండగా ఎకో ఆన్ చేసి వదిలేస్తే నీటి చల్లదనం లేక సెన్సర్ వేడెక్కి పాడవుతుంది. చెక్క బోటైతే నీటిలో దింపాక ఒక రోజంతా ఆ రంధ్రం దగ్గర చెమ్మ చూస్తుండండి.

కొలత యూనిట్ కూడా చూడండి. మనవాళ్లు లోతును బారల్లో (బార అంటే ఆరడుగులు) చెప్తారు, సెట్ మీటర్లలో ఉంటే 10కీ 10కీ తేడా దాదాపు రెట్టింపు. పైగా ఎకో చూపేది సెన్సర్ నుంచి లోతు, నీటి మట్టం నుంచి కాదు. ఇసుక మేట వేసే మొగల్లో ఈ తేడా తెలియాలి. జెట్టీ దగ్గర తాడుకు బరువు కట్టి దింపి, అంకె సరిపోల్చుకోండి.

వీహెచ్‌ఎఫ్ యాంటెన్నా ఎంత ఎత్తుంటే అంత దూరం. రెండు బోట్లకూ 4 మీటర్ల ఎత్తులో ఉంటే సుమారు 9 నాటికల్ మైళ్లు, 9 మీటర్లలో ఉంటే 13 దాకా. జీపీఎస్ యాంటెన్నాకు మాత్రం ఎత్తు అక్కర్లేదు. ఊగే స్తంభం కొసన పెట్టకుండా ఆకాశం కనిపించే చోట, వీహెచ్‌ఎఫ్ యాంటెన్నాకు మీటరు ఎడంగా, రాడార్ తిరిగే వరసలో పడకుండా బిగించండి. యాంటెన్నా తగిలించకుండా వీహెచ్‌ఎఫ్ బటన్ నొక్కకండి.

చౌక ఎల్‌ఈడీ లైట్లు వీహెచ్‌ఎఫ్‌ను చెవిటిదాన్ని చేస్తాయి. ఖాళీ ఛానల్ పెట్టి, గరగర ఆగేంతవరకే స్క్వెల్చ్ (గరగర అణిచే మీట) తిప్పి, లైట్లు ఒక్కొక్కటే వేయండి. ఏ లైటుకు గరగర మళ్లీ మొదలైతే దాన్ని మార్చండి. దిక్సూచికీ ఇలాంటి పరీక్షే. ఒక్కో సెట్ ఆన్ చేస్తూ ముల్లు కదులుతుందేమో చూడండి. స్పీకర్లో అయస్కాంతం ఉంటుంది, దాన్ని దిక్సూచికి మీటరు దూరంలో ఉంచాలి.

ఏఐఎస్‌లో (మన బోటు ఎక్కడుందో ఇతర ఓడలకు తెలిపే సెట్‌లో) ఎక్కించే ఎమ్‌ఎమ్‌ఎస్‌ఐ, అంటే బోటు గుర్తింపు నంబరు, తొమ్మిది అంకెలు, మన దేశానివి 419తో మొదలవుతాయి. చాలా సెట్లలో ఒక్కసారే ఎక్కుతుంది, తప్పుపడితే సెట్ వెనక్కి పంపాల్సిందే. ఇద్దరు కూర్చుని ఒకరు చదువుతుంటే ఒకరు కొట్టండి.

కాకినాడ వైపు వెళ్లేవారు చమురు, గ్యాస్ ప్లాట్‌ఫారాల చుట్టూ 500 మీటర్ల హద్దును ప్లాటర్‌లో (జీపీఎస్ మ్యాప్ తెరలో) అలారంగా పెట్టుకోవాలి.

జూన్ 14 రాత్రి అందరితో కలిసి బయల్దేరేలోగా, అనుమతి ఉన్న మేరకు, పగటిపూట హార్బర్ మూతి దాకా ఒక్కసారి వెళ్లి రండి. ఆ దారిని ట్రాక్‌గా దాచుకుంటే వానలో, చీకట్లో తిరిగొచ్చేటప్పుడు పనికొస్తుంది. మెయిన్ స్విచ్ ఆపేసి, చేతి జీపీఎస్, చేతి వీహెచ్‌ఎఫ్ ఎంతసేపు నడుస్తాయో చూడండి. ఆపదలో పిలిచే వీహెచ్‌ఎఫ్ ఛానల్ 16, కోస్ట్ గార్డ్ 1554 నంబరు, పాయింట్ల నోట్‌బుక్ ఎక్కడుందో సరంగుతో (బోటు నడిపేవాడితో) పాటు ఇంకొకరికైనా తెలిసుండాలి.