పిట్టల చప్పుడు వినడం నేర్చుకుందాం – 4వ పాఠం: గద్దకో కూత, పిల్లికో కూత

పోయిన పాఠంలో కాకి, గోరింక, పిగిలిపిట్ట మామూలుగా అరిచే అరుపులను కళ్లు మూసుకుని గుర్తుపట్టడం సాధన చేశాం. అది ఇంకా చెవికి పట్టని వాళ్లు మరో వారం దాని మీదే ఉండండి, తొందరేం లేదు. ఇవాళ ఒక మెట్టు ఎక్కుదాం. అరిచిన పిట్టను వదిలేసి, ఆ అరుపు విన్న పిట్టలు ఏం చేశాయో చూడటం నేర్చుకుందాం. కూతకు అర్థం చెప్పేది విన్నవాళ్ల ఒంటి కదలికే.

ముందు చెవి ఎక్కడుందో చూడాలి. ఇంట్లో కోడి ఉంటే ఒళ్లో పెట్టుకుని నిమురుతూ, కంటికి వెనకగా, కాస్త కిందుగా ఉన్న సన్న ఈకలను వేలి కొసతో మెల్లగా పక్కకు జరపండి. గుండ్రటి చిన్న రంధ్రం కనబడుతుంది. అదే చెవి. మనకున్నట్టు బయటికి డొప్ప ఉండదు. పైన వాలిన ఆ ఈకలు ఎగిరేటప్పుడు గాలి హోరును ఆపుతాయి, చప్పుడును మాత్రం లోపలికి పోనిస్తాయి. కర్ణభేరి నుంచి చప్పుడును లోపలికి మోయడానికి మనకు మూడు బుల్లి ఎముకలుంటే పక్షికి ఒక్కటే ఉంటుంది. మన లోపలి చెవి నత్తగుల్లలా చుట్టుకుని ఉంటుంది, పక్షిది కాస్త వంగిన పొట్టి గొట్టం. అయితే ఒక్క విషయంలో మనకంటే అదే అదృష్టవంతురాలు. పెద్ద మోతలకో, వయసుకో మన వినికిడి కణాలు చచ్చిపోతే ఇక రావు. పక్షికి మళ్లీ మొలుస్తాయి. 1980ల చివర్లో కోడిపిల్లల్లోనూ కౌజు పిట్టల్లోనూ ఈ సంగతి బయటపడింది.

ఇక ఎంతవరకు వినబడుతుందనేది. వయసులో ఉన్న మనిషి చెవి సెకనుకు 20 కంపనాల నుంచి 20,000 దాకా పట్టుకుంటుంది. కంపనాలు పెరిగేకొద్దీ ధ్వని సన్నబడుతుంది. చాలా పక్షులకు బాగా వినబడేది 1,000 నుంచి 4,000 లోపు. 10,000 దాటితే దాదాపు ఏ పిట్టకూ ఏమీ వినబడదు, గుడ్లగూబల్లాంటివి కొద్దిగా నయం. ఈ అంకె గుర్తుంచుకుంటే డబ్బు కూడా మిగులుతుంది. మనిషికి వినబడని సన్నటి ధ్వనితో పిట్టలను తరిమేస్తుందని ఒక పెట్టె అమ్ముతుంటారు. మా బంధువు ఒకాయన జొన్న కంకి పాలుపోసుకునే వేళ అలాంటిదొకటి కొని చేలో కర్రకు కట్టాడు. మూడో రోజు వెళ్లి చూస్తే చిలకలు ఆ కర్ర పక్క కంకుల మీదే వాలి తింటున్నాయి. మనిషికే అందనంత సన్నటి ధ్వని చిలక చెవికి అసలే అందదు. మంచె మీద కూర్చుని డబ్బా వాయించి, వడిసెల విసిరిన పాతకాలం కాపలా దానికంటే ఎంతో మేలు. ఆ మోత చిలకకు వినబడుతుంది, మోత వెనక మనిషి కదులుతుంటాడు, రాయి ఎటునుంచి వస్తుందో తెలియదు. మనిషి లేకుండా ఒకే మోత, ఒకే చోట, ఒకే వరసలో మోగితే మాత్రం నాలుగు రోజుల్లో పిట్టలు దాన్ని లెక్కచేయడం మానేస్తాయి.

ఇప్పుడు అసలు పాఠం. పిల్లల కోడి పెంట కెలుకుతూ ఉంటుంది. కొక్, కొక్, కొక్ అని తీరిగ్గా పిలుస్తుంటే పిల్లలు కాళ్ల సందున తిరుగుతుంటాయి. ఉన్నట్టుండి తల్లి మెడ ఒక పక్కకు తిప్పి, ఒక కన్ను ఆకాశం వైపు పెట్టి, సాగదీసిన ఒకే ఒక్క కూత కూస్తుంది. అంతే, పిల్లలు కనబడవు. కొన్ని తల్లి రెక్కల కింద దూరతాయి, దూరంగా ఉన్నవి చెత్తలో నేలకు అతుక్కుపోతాయి. చీమ చిటుక్కుమనదు. తలెత్తి చూస్తే పైన గద్ద. అదే కోడి పిల్లినో కుక్కనో చూస్తే వరస వేరు. మెడ నిటారుగా ఎత్తి కొక్-కొక్-కొక్-కొక్ అని తెగ్గొడుతూ, ఆపకుండా, ఊరంతా వినబడేట్టు అరుస్తుంది. మిగతా కోళ్లు దాక్కోవు, అవీ మెడలెత్తి చుట్టూ చూస్తాయి.

గద్ద కనబడటం వల్లే దాక్కున్నాయేమో, కూతతో పనేముంది అనిపించవచ్చు. జంతువుల ప్రవర్తనను పరిశీలించే శాస్త్రవేత్తలు క్రిస్టఫర్ ఎవాన్స్, పీటర్ మార్లర్ తదితరులు సరిగ్గా దీన్నే పరీక్షించి 1993లో ప్రచురించారు. గద్దా లేదు, పిల్లీ లేదు. ఒంటరిగా ఉన్న పెట్టకు రికార్డు చేసిన కూతలు మాత్రం వినిపించారు. గద్ద కూత వినగానే పెట్ట కప్పు ఉన్న చోటికి పరుగెత్తింది, ఒదిగింది, పైకి చూసింది. నేల శత్రువు కూత వింటే నిటారుగా నిలబడి అటూ ఇటూ చూసింది. అంటే ఆ చిన్న రంధ్రంలో పడిన చప్పుడే ప్రమాదం ఎటునుంచి వస్తోందో చెప్పింది.

చిన్న పిట్టల్లోనూ ఇలాంటి తేడా ఉందని మార్లర్ 1955లోనే చూపించారు. డేగ ఎగురుతుంటే ఇంగ్లండ్ తోటల పిట్టలు సన్నగా, ఈల సాగదీసినట్టు, ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో తెలియని స్వరంతో కూస్తాయి. చప్పుడు ఎటునుంచి వచ్చిందో చెవులు పట్టుకోవాలంటే, అది ఏ చెవికి ముందు చేరిందో తెలియాలి. మెల్లగా మొదలై మెల్లగా ఆగే ఈలలో ఆ మొదలే దొరకదు. పైగా అంత సన్నటి స్వరం డేగకు సరిగా వినబడదు కూడా.

దీనికి సరిగ్గా వ్యతిరేకం గుంపు కట్టి చేసే గోల. పగటిపూట చింతచెట్టులో గుడ్లగూబ కునుకు తీస్తూ దొరికిందంటే కాకులు, గోరింకలు, పసుల పోలిగాడు, పిగిలిపిట్టలు అన్నీ చేరి గరగరలాడే గొంతుతో, తెగ్గొట్టి తెగ్గొట్టి అరుస్తాయి. ఆ అరుపు ఎక్కడుందో అందరికీ తెలియాలి, అందుకే గరుకుగా ఉంటుంది. నాకైతే ఈ గోల వినబడితే చేతిలో పని ఆగిపోతుంది. చెట్టు కిందికి వెళ్లి, పిట్టలన్నీ ఏ కొమ్మ వైపు ముఖం పెట్టాయో చూసి, చూపులన్నీ కలిసే చోట వెతుకుతాను. చాలాసార్లు అక్కడ గుడ్లగూబో, పామో, కొమ్మకు అంటిపెట్టుకున్న పిల్లో ఉంటుంది.

ఈ వారం సాధన. పొద్దున ఆరు నుంచి ఎనిమిది లోపు అరగంట, వారంలో నాలుగు రోజులు, ఒకే చోట కూర్చోండి. చోటు మార్చకండి. మొదటి పది నిమిషాలు ఏమీ రాయొద్దు, మీరు వచ్చిన అలజడికి పిట్టలు సర్దుకోవాలి. తర్వాత మామూలు కూత మారినప్పుడల్లా మూడు ముక్కలు రాసుకోండి. కూత సాగిందా, తెగిందా? విన్న పిట్టలు దాక్కున్నాయా, దగ్గరికి వచ్చాయా? చూపు పైకా, కిందికా? కారణం కనబడితే చివర్లో రాయండి, కనబడకపోతే ఖాళీగా వదిలేయండి, ఊహించి నింపొద్దు.

హఠాత్తుగా అంతా గప్‌చుప్ అయితే దాన్నీ రాయాలి. కొత్తవాళ్లు దీన్నే వదిలేస్తారు. అరవై దాటిన వాళ్లకు సన్నటి ఈల వినబడకపోవచ్చు. అలాంటివాళ్లు ఈ నిశ్శబ్దాన్నే గుర్తుగా పెట్టుకోండి. ఇంకో జాగ్రత్త: గుడ్డు పెట్టి లేచిన కోడి కూడా పిల్లిని చూసినట్టే కొక్-కొక్ అని గోల చేస్తుంది. అప్పుడు మిగతా కోళ్లు మెడలెత్తాయో, తిండి మానకుండా ఉన్నాయో చూస్తే తేలిపోతుంది.

మీ రాతలు దాచుకోండి, 5వ పాఠంలో వాటితోనే పని. చిమ్మచీకటి గదిలో రోజర్ పేన్ అనే శాస్త్రవేత్త గుడ్లగూబతో చేసిన పరీక్ష అందులో చూద్దాం. ఎలుక తోకకు కట్టిన కాగితం గరగరలాడితే, గుడ్లగూబ ఎలుకను వదిలి కాగితం మీద దూకింది.