సోలార్ ఫౌంటెన్ పెట్టే ముందు ఇవి చూసుకోండి

ముందు ఎండ సంగతి. బ్యాటరీ లేని చిన్న పంపులు నేరుగా ఎండ తగిలితేనే ఆడతాయి, మబ్బు పట్టగానే ధార పడిపోతుంది. సాయంత్రం పెరట్లో కూర్చుని చూడాలంటే బ్యాటరీ ఉన్నదే కొనండి.

- ప్యానెల్ మీద ఒక మూల కొబ్బరాకు నీడ పడినా పంపు నీరసిస్తుంది. ఉదయం, మధ్యాహ్నం, మూడు గంటలప్పుడు నీడ ఎక్కడుందో చూశాకే చోటు ఖాయం చేయండి. విడి ప్యానెల్ అయితే దక్షిణం వైపు తిప్పాలి. హైదరాబాద్‌లో 17 డిగ్రీల వాలు సరిపోతుంది.

- డాబా మీద పెడుతున్నారా? లీటరు నీళ్లంటే కిలో బరువు. 100 లీటర్ల తొట్టి పిట్టగోడ మీద వద్దే వద్దు.

- అసలు టెన్షన్ దోమలతోనే. డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చేదాకా వారం, పది రోజులే పడుతుంది. రాత్రంతా ఫౌంటెన్ ఆగే ఉంటుంది కదా, "నీళ్లు కదులుతున్నాయిలే" అని ఊరుకోకండి. వారానికోసారి నీళ్లు మొక్కలకు పోసేసి, తొట్టి లోపలి గోడను పీచుతో గట్టిగా రుద్దండి. గుడ్లు నీటి అంచుకు కాస్త పైన అంటుకుని ఉంటాయి, ఎండినా చావవు. రుద్దకుండా నీళ్లు మార్చడం దండగ. గప్పీ చేపలు వేస్తే మేలే, కాకపోతే పంపు నోటికి జాలీ తప్పనిసరి, నీళ్లు కూడా కొంచెం కొంచెంగా మార్చాలి.

- బోరు నీళ్లకు నాజిల్‌లో తెల్లటి పొర కడుతుంది. నిమ్మరసంలో నానబెట్టి పాత బ్రష్‌తో తోమితే పోతుంది.

- మే నెలలో నీళ్లు తొందరగా ఇగిరిపోతాయి. నీళ్లు లేకుండా తిరిగితే పంపు కాలిపోతుంది.

- పాకే పిల్లలున్న ఇంట్లో లోతు తొట్టి అసలొద్దు.