పడవ ట్రెయిలర్‌కు టైర్లు, రిమ్ములు కొనేముందు

2019 ఆగస్టు, మధ్యాహ్నం రెండు గంటలు. డాలస్ నుంచి గాల్వెస్టన్ వెళ్ళే ఐ-45 రహదారి మీద కార్సికానా దాటి పది నిమిషాలయింది. వెనక టపాకాయ పేలినట్టు చప్పుడు. అద్దంలో చూస్తే ట్రెయిలర్ కుడి చక్రం నుంచి నల్లటి రబ్బరు పేలికలు ఎగురుతున్నాయి. పక్కకు తీసి ఆపి దిగాం. టైరు పైపొర మొత్తం ఊడి, పోతూ పోతూ మడ్‌గార్డును వంచి, వెనక దీపం తీగను కూడా తెంపేసింది. మా బావమరిది ఎడమవైపు టైరు మీద చెయ్యి వేసి, "బావా, ఇది చూడు, కొత్తదానిలాగే ఉంది. రెండూ ఒకేసారి వేసినవే కదా, దానికేం వచ్చింది?" అన్నాడు.

అతను అన్నది నిజమే. టైరు మీది గాళ్ళు లోతుగా ఉన్నాయి, ఎక్కడా అరగలేదు. పడవ కొన్నప్పుడు నేనూ ఆ గాళ్ళనే చూసి మురిసిపోయాను. గోదావరి పాయ పక్కన పుట్టినవాణ్ణి నేను. మా ఊళ్ళో పడవ నీళ్ళలోనే ఉంటుంది, మహా అయితే ఏడాదికోసారి గట్టు మీదికి లాగి తారు పూస్తారు. పడవకు చక్రాలు కావాలన్న సంగతి, ఆ చక్రాలకు వేరే శాస్త్రం ఉందన్న సంగతి నలభై దాటాక టెక్సస్‌లో తెలిశాయి.

ఎడమ టైరు పక్కగోడ మీద ఉన్న రాతలు అప్పుడు చదివాను. మొదటి అక్షరం పి. అంటే అది కార్ల టైరు. కొలత పి175/70 ఆర్13, మొయ్యగల బరువు 1,047 పౌండ్లు. కారు టైరును ట్రెయిలర్‌కు వాడితే ఆ అంకెను 1.1తో భాగించాలని అమెరికా నిబంధనే ఉంది. అలా చూస్తే ఒక్కో టైరు 950 పౌండ్లకు మించి మొయ్యకూడదు. డీఓటీ (అమెరికా రవాణా శాఖ) అనే అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలు కనిపించాయి: 3411. అంటే 2011లో 34వ వారంలో తయారైంది. అప్పటికి దానికి నిండా ఎనిమిదేళ్ళు. నాకంటే ముందు ఆ పడవ ఎవరిదో, ఆ టైర్లు ఎవరు వేశారో వెతికి లాభం లేదు. చదవకుండా కొన్నది నేను.

అందుకే టైర్ల దుకాణానికి వెళ్ళేముందు లారీ కాటాకు వెళ్ళండి. హైవేల పక్కన లారీలు ఆగే పెద్ద పెట్రోలు బంకుల్లో కాటాలు ఉంటాయి, మనలాంటివాళ్ళను కూడా తూస్తారు. సరస్సుకు వెళ్ళే రోజు ఎలా ఉంటుందో అలాగే పడవను నింపి తీసుకువెళ్ళాలి. ట్యాంకు నిండా పెట్రోలు, బ్యాటరీలు, లంగరు, ఐసుపెట్టె, గాలాల పెట్టెలు, లైఫ్ జాకెట్లు అన్నీ ఉండాలి. కారు చక్రాలు ఒక పలక మీద, ట్రెయిలర్ చక్రాలు మరో పలక మీద ఉండేలా నిలబెడితే రెండు బరువులూ వేర్వేరుగా కాగితం మీద వస్తాయి. మనకు కావలసింది ట్రెయిలర్ ఇరుసు మీద పడే బరువు.

కాటాకు వెళ్ళకముందు నేను ఇంట్లో కూర్చుని లెక్క వేశాను. పదిహేడు అడుగుల అల్యూమినియం పడవ 1,050 పౌండ్లు, తొంభై గుర్రాల మోటారు 360, ట్రెయిలర్ 600. పెట్రోలు గ్యాలన్‌కు ఆరు పౌండ్లు, ఇరవైనాలుగు గ్యాలన్లకు దాదాపు 145. రెండు బ్యాటరీలు 110. సామాను ఒక వంద ఉంటుందిలే అనుకున్నాను. మొత్తం 2,365. కారు కొక్కెం మీద పడేదీ కలుపుకుని కాటాలో 2,680 తేలింది. ఆ మూడు వందల పౌండ్లు ఎక్కడివని పడవంతా తడిమితే, సీసపు గుండ్లే ఒక డబ్బా నిండా ఉన్నాయి. వాటితోపాటు నాలుగేళ్ళుగా తియ్యని పాత తాళ్ళు, నీళ్ళు పీల్చిన పరుపులు, మా ఆవిడ "ఎందుకైనా మంచిది" అని పెట్టిన రెండు మడత కుర్చీలు. సామాను బరువును ఊహించి రాసుకుంటే ఎప్పుడూ తక్కువే వస్తుంది.

ఈ 2,680లో 260 పౌండ్లు కారు కొక్కెం మీద పడుతున్నాయి. మిగిలిన 2,420 రెండు టైర్ల మీద, అంటే ఒక్కోదాని మీద 1,210. పాత టైర్లు మొయ్యగలిగింది 950. ఆ రోజు టైరు ఎందుకు పేలిందని కాదు, అంతవరకు ఎలా వచ్చిందని అడగాలి.

రెండు టైర్ల మీద బరువు ఎప్పుడూ సమానంగా పడదు. బ్యాటరీలు ఒకవైపు ఉంటాయి, రోడ్డు ఒకవైపు వాలుతుంది. అందుకని నేను ఇరవై శాతం అదనంగా వేసుకుంటాను. 1,210కి ఇరవై శాతం కలిపితే 1,452. ఇక దుకాణంలో మనం అడగవలసింది ఈ అంకె. ట్రెయిలర్ ముందుభాగంలో ఎడమవైపు అతికించిన పట్టీ మీద తయారీదారు సూచించిన టైరు కొలత, రిమ్ము కొలత, గాలి ఒత్తిడి, మొత్తం బరువు హద్దు రాసి ఉంటాయి. అది ఊడిపోకుండా ఉంటే ఫోనుతో ఫోటో తీసి పెట్టుకోండి. కాటాలో వచ్చిన బరువు ఆ హద్దు దాటితే టైర్లు మార్చి ప్రయోజనం లేదు, సామాను దించాల్సిందే.

టైరు మీద మొదట ఎస్‌టి అన్న అక్షరాలు ఉండాలి. ట్రెయిలర్ల కోసమే తయారైనది అని దాని అర్థం. కారు టైరు పక్కగోడ మెత్తగా ఉంటుంది, లోపల కూర్చున్నవాళ్ళకు కుదుపు తెలియకూడదు కాబట్టి. ట్రెయిలర్‌లో కూర్చునేవాళ్ళు ఎవరూ లేరు. దాని టైరు పక్కగోడ గట్టిగా ఉండాలి, మలుపులో పడవ అటూ ఇటూ ఊగకూడదు. ఆ తర్వాత ఎంత బరువు మొయ్యగలదో చెప్పే మోత తరగతి: బి, సి, డి, ఇ. పాత లెక్కలో అవి నాలుగు, ఆరు, ఎనిమిది, పది ప్లైలు, అంటే పొరలు. మన దగ్గర లారీ టైర్లు కొన్నవాళ్ళకు ప్లై అంటే వెంటనే అర్థమవుతుంది.

నా రిమ్ములు పదమూడు అంగుళాలవి. దానికి దొరికేవి ప్రధానంగా మూడు. ఎస్‌టి 175/80 ఆర్13 సి తరగతి 1,360 పౌండ్లు మోస్తుంది. నాకు కావలసిన 1,452కు అది చాలదు. ఎస్‌టి 185/80 ఆర్13 సి తరగతి 50 పీఎస్ఐ గాలితో 1,480. అదే కొలత డి తరగతి 65 పీఎస్ఐతో 1,710. డి కొనేద్దాం, ఎక్కువ ఉంటే తప్పేముంది అనుకున్నాను. కానీ నా రిమ్ము వెనకవైపు తుడిచి చూస్తే 1,660 అని చెక్కి ఉంది. టైరు ఎంత మోసినా రిమ్ము అంతకు మించి మొయ్యదు. రిమ్ముకు ఒత్తిడి హద్దు కూడా ఉంటుంది, అదీ చూడాలి. మామూలు రబ్బరు వాల్వు 65 పీఎస్ఐ వరకే; 80 కొట్టే ఇ తరగతి టైర్లకు లోహపు వాల్వు వేయించుకోవాలి. చివరికి నేను సి తరగతి 185 తీసుకున్నాను. పాత కారు టైరు కంటే ఇది రెండు అంగుళాలు ఎత్తు. అందుకని కొనకముందే మడ్‌గార్డు కింద ఖాళీ కొలిచాను. గుంతలో పడ్డప్పుడు స్ప్రింగు పైకి లేస్తుంది కాబట్టి టైరుకు, మడ్‌గార్డుకు మధ్య మూడు అంగుళాలైనా ఉండాలి.

లోపలి దారాలు అడ్డంగా ఉండే రేడియలా, ఏటవాలుగా ఒకదానిమీదొకటి ఉండే నైలానా అన్న ప్రశ్నకు నా జవాబు చిన్నది. హైవే మీద గంటల తరబడి వెళ్ళేవాళ్ళు రేడియల్ తీసుకోండి, అది తక్కువ వేడెక్కుతుంది. సరస్సు ఇంటి పక్కనే ఉండి పది మైళ్ళు లాగేవాళ్ళకు నైలాన్ చాలు, పక్కగోడ ఇంకా గట్టిగా ఉంటుంది. ఒకే ఇరుసుకు ఒకటి అది, ఒకటి ఇది మాత్రం వద్దు.

వేగం గురించి ఒక మాట. పక్కగోడ మీద వేగం గుర్తు ఏదీ లేకపోతే ఎస్‌టి టైరుకు హద్దు గంటకు 65 మైళ్ళు. ఎల్ అని ఉంటే 75, ఎమ్ అని ఉంటే 81. మా దగ్గర ఐ-45 మీద చాలాచోట్ల 75 వరకు వెళ్ళనిస్తారు, కానీ ఆ బోర్డుకు మన టైరు సంగతి తెలియదు. నేను ఎమ్ గుర్తువి కొన్నాను, అయినా 65 దాటను. వెనకవాళ్ళు హారన్ కొడితే కొట్టనీ.

దుకాణంలో తయారీ తేదీ చూడకుండా డబ్బు కట్టకండి. నాలుగంకెల తేదీ టైరుకు ఒకవైపే ఉంటుంది కాబట్టి తిప్పి చూడాలి. ఇప్పటికే ట్రెయిలర్‌కు ఉన్న టైర్లయితే అది లోపలివైపు ఉండవచ్చు, అప్పుడు నేలమీద పడుకుని ఫోను దీపంతో వెతకాలి. ఏడాది దాటిన సరుకును నేను తీసుకోను. పడవ టైరు అరిగి చావదు, ముసలితనంతో చస్తుంది. ఏడాదిలో ఇరవై రోజులు తిరుగుతుంది, మిగతా రోజులన్నీ ఇంటి పక్కన ఎండలో ఒకేచోట నిలబడి ఉంటుంది. ఆ ఎండకు రబ్బరు గట్టిపడి పక్కగోడ మీద సన్నని బీటలు వస్తాయి. వేలి గోరుతో గీస్తే తెలుస్తుంది. అయిదు వేసవులు అయ్యాక గాళ్ళు ఎంత ఉన్నా మార్చేస్తాను. ఎండ తగలకుండా చక్రాలకు తొడుగులు వేస్తాను, కింద చెక్కపలకలు పెడతాను.

ఇక రిమ్ము. కొనాలంటే బోల్టుల మధ్యల గుండా వెళ్ళే వలయం వెడల్పు తెలియాలి. నాది అయిదు బోల్టులది. నాలుగో ఆరో అయితే ఎదురెదురు బోల్టుల మధ్య దూరం కొలిస్తే సరిపోతుంది. అయిదుకు ఎదురు బోల్టు ఉండదు, అక్కడే చాలామంది తప్పుతారు. పక్కపక్కన ఉన్న రెండు బోల్టులు తీసుకుని, ఒకదాని ఎడమ అంచు నుంచి రెండోదాని ఎడమ అంచు వరకు కొలవండి. మధ్యబిందువు కోసం తంటాలు పడనక్కరలేదు, దూరం అదే. 67 మిల్లీమీటర్లు వస్తే నాలుగున్నర అంగుళాల వలయం, 71 వస్తే నాలుగు ముప్పావు, 74 లేదా 75 వస్తే అయిదు అంగుళాలు. తేడా అంతా మూడు నాలుగు మిల్లీమీటర్లే. బట్టలు కొలిచే టేపుతో కాకుండా ఇనుప స్కేలుతో కొలవండి. నేను మొదటిసారి టేపుతో కొలిచి వేరే రిమ్ములు తెప్పించి, వెనక్కి పంపాను.

నాలుగున్నర అంగుళాల అయిదు బోల్టులు చాలా కార్లకూ ఉంటాయి. పాత కారు రిమ్ము ఉంది కదా, సరిపోతుంది కదా అని బిగించకండి. బోల్టులకు పట్టినా మధ్య రంధ్రం హబ్బుకు (ఇరుసు చివర చక్రం బిగించే భాగానికి) పట్టకపోవచ్చు. కారు రిమ్ములో బోల్టులు పట్టే పలక మధ్య నుంచి లోపలికో బయటికో జరిగి ఉంటుంది, ట్రెయిలర్ రిమ్ములో సాధారణంగా సరిగ్గా మధ్యలో ఉంటుంది. కారుది వేస్తే టైరు వెళ్ళి మడ్‌గార్డుకో స్ప్రింగుకో రాసుకుంటుంది.

రంగు వేసిన ఇనుము చవక. మంచినీటి సరస్సుకు అదే చాలు, రంగు లేచిన చోట మళ్ళీ పూసుకోవచ్చు. సముద్రానికి వెళ్ళేవాళ్ళయితే జింకు పూత వేసిన ఇనుము కొనండి. అల్యూమినియం చూడటానికి బాగుంటుంది. ఉప్పునీటిలో ఇనుప బోల్టులను ఆనుకున్నచోట తెల్లటి పొడి కట్టి తినేస్తుంది, వెంటనే కడిగే ఓపిక ఉంటేనే దాని జోలికి వెళ్ళాలి. నేను ఎక్కువగా వెళ్ళేది టెక్సోమా సరస్సుకు. రెడ్ నది ఉప్పు తెస్తుంది కాబట్టి ఆ నీళ్ళలోనూ కాస్త ఉప్పదనం ఉంది. అక్కడి చారల బాస్ చేప పులుసు పెడితే మన పండుగప్పను తలపిస్తుంది, ఆ సంగతి ఇంకోసారి. నాకు జింకు పూతే నచ్చింది.

బిగించేటప్పుడు నట్టు కోసుగా ఉన్న వైపు రిమ్ము వైపు ఉండాలి. చక్రాన్ని గాలిలో ఉంచి, ఒకటి వదిలి ఒకటి, నక్షత్రం గీసినట్టు తిప్పుకుంటూ చేత్తో పట్టించండి. అరంగుళం బోల్టులకు బిగింపు బలం 90 నుంచి 120 అడుగు-పౌండ్లు. ఆ బలాన్ని చూపించే టార్క్ స్పానర్‌తో మూడు విడతలుగా, ముందు 25, తర్వాత 55, ఆపైన 100 బిగిస్తాను. పది మైళ్ళకు, ఇరవై అయిదుకు, యాభైకి ఆగి మళ్ళీ చూడాలి. కొత్త రిమ్ములతో వెళ్ళిన మొదటి రోజు పది మైళ్ళకే రెండు నట్లు పావు చుట్టు తిరిగాయి.

గాలి తెల్లవారుజామున, బండి కదలకముందు కొట్టాలి, పక్కగోడ మీద రాసిన పూర్తి అంకె వరకు. దారిలో వేడికి ఒత్తిడి పెరుగుతుంది, అప్పుడు తీసేయకండి. పెట్రోలుకు ఆగినప్పుడు హబ్బు మీద అరచెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే, చెయ్యి ఆనించలేనంత కాలితే బేరింగులో గ్రీజు అయిపోయిందో, ఇంకేదైనా లోపం ఉందో చూడాలి. సరస్సు చేరగానే పడవను నీళ్ళలోకి దించకండి. వేడి హబ్బు చన్నీళ్ళలో మునిగితే లోపలి గాలి ముడుచుకుని, ఆయిల్ సీలు పక్కనుంచి నీళ్ళను లోపలికి పీలుస్తుంది. పట్టీలు విప్పుకుంటూ, ఫ్లాస్కులో టీ తాగుతూ ఇరవై నిమిషాలు ఆగండి.

స్టెప్నీ లేకుండా ట్రెయిలర్ కదలకూడదు. టైర్లు రెండు కాదు, అదే కొలతవి మూడు కొనండి. కారులో ఉన్న స్పానర్ ట్రెయిలర్ నట్టుకు పట్టకపోవచ్చు, కారు జాకీ ఇరుసు కింద దూరకపోవచ్చు. ఇంటి ముందే ఒకసారి చక్రం విప్పి మళ్ళీ బిగించి చూసుకోండి. కార్సికానా దగ్గర ఆ ఎండలో మా దగ్గర స్టెప్నీ ఉంది, జాకీ ఉంది. స్పానర్ ఒక సైజు చిన్నది. దారిన పోతున్న ఒక గడ్డిమోపుల లారీ ఆయన ఆగి తనది ఇచ్చేదాకా గంటన్నర కూర్చున్నాం. ఐసుపెట్టెలో ఐసు కరిగిపోయింది.