గంజాం తీరంలో బోటు రిజిస్ట్రేషన్, వేట లైసెన్స్‌కి ఎలా అప్లై చెయ్యాలి

ఒడిశా గంజాం జిల్లాలో గోపాలపూర్, ఆర్జిపల్లి, సోనాపూర్ వైపు ఉన్న మన తెలుగు మత్స్యకారుల కోసం రాస్తున్నా, ముఖ్యంగా కాగితాల్లేని ఫైబర్ బోట్ల మీద ఇంకా వేటకెళ్తున్నవాళ్ల కోసం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు ట్రాలర్లకి (వల లాగే మరబోట్లకి), పెద్ద మోటారు బోట్లకి వేట నిషేధం, అలాంటి బోటు ఒడ్డునే ఉంటుంది, చూడ్డానికి వచ్చే ఆఫీసర్‌కీ దొరుకుతుంది, కాబట్టి ఈ పని ఆ రోజుల్లోనే పెట్టుకోండి.

కావాల్సినవి రెండు కాగితాలు, చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. రిజిస్ట్రేషన్ అంటే బోటు ఎవరిది, ఎంత పొడవు, ఏ ఇంజిన్ అన్నది. లైసెన్స్ అంటే ఒడిశా నీళ్లలో వేట చేసుకోడానికి పర్మిషన్, దీనికి 1982 నాటి ఒడిశా చట్టం ఉంది. మొదటిది చేతికొచ్చాకే రెండోదానికి అప్లై చెయ్యాలి.

రెండూ రియల్‌క్రాఫ్ట్ అనే సెంట్రల్ గవర్నమెంట్ పోర్టల్‌లోనే. మొబైల్ నంబర్‌తో లాగిన్ చేసుకుని ఓనర్ వివరాలు, ఆధార్, ఫోటో, బోటు కొన్న బిల్లు, ఇంజిన్ బిల్లు, బోటు ఫోటోలు ఎక్కించాలి. ఎక్కువగా ఇబ్బంది వచ్చేది పేరు దగ్గరే. మనకి ఇంటిపేరు ముందు రాస్తారు, ఇక్కడి ఆధార్‌లో వెనక పడుతుంది, బోటు బిల్లు శ్రీకాకుళం వైపు రాయించుకుంటే మళ్లీ ఇంకోలా ఉంటుంది, అప్లికేషన్ వెనక్కొస్తుంది. ముందే అన్నీ ఒకేలా ఉండేలా చూసుకోండి. ఇంజిన్ నంబర్ ప్లేటు ఉప్పుగాలికి తుప్పు పట్టి ఉంటుంది, కిరసనాయిలు గుడ్డతో తుడిచి, అంకెలు కనపడేలా దగ్గర నుంచి ఫోటో తియ్యండి.

సెకండ్‌హ్యాండ్ బోటు ఇచ్ఛాపురం, కవిటి వైపు నుంచి కొన్నారంటే దాని మీద ఆంధ్రా నంబర్ ఉంటుంది. అమ్మినాయన దగ్గర అమ్మకం కాగితంతో పాటు అక్కడి మత్స్యశాఖ నుంచి అభ్యంతరం లేదన్న లెటర్ కూడా తీసుకోండి, డబ్బు మొత్తం ఇచ్చేశాక అడిగితే ఎవరూ తిరగరు.

ఆఫీసర్ వచ్చి కొలతలు తీసుకుని వెళ్లాక సర్టిఫికెట్ వస్తుంది. ఐఎన్‌డీతో మొదలయ్యే నంబర్‌ని బోటు రెండు పక్కలా దూరానికి కనపడేలా రాయించాలి.

ఇదంతా ఎందుకంటే, ఒడిశాలో ఒడ్డు నుంచి 5 కిలోమీటర్లు సంప్రదాయ వేటవాళ్లకే. ట్రాలర్ అందులోకి దూరి మన వల తెంపుకుపోతే కంప్లైంట్ ఇద్దామని వెళ్తాం, అక్కడ ముందు అడిగేది మన బోటు నంబరే! అది లేకపోతే దొంగవేట చేసినవాడూ మనమూ కాగితం మీద ఒకటే అయిపోతాం, ఇది నాకు చాలా బాధగా ఉంటుంది. ఎగుమతికెళ్లే రొయ్యకి, చేపకి కూడా అంతే, యూరప్‌వాళ్లు 2010 నుంచి ఏ బోటు పట్టిందో రాసిన సర్టిఫికెట్ లేకుండా సముద్రపు సరుకు తీసుకోవట్లేదు.

12 నాటికల్ మైళ్లు దాటి వెళ్లే మెకనైజ్డ్ బోట్లకి (మరబోట్లకి), పెద్ద మోటారు బోట్లకి 2025 నవంబర్ రూల్స్ ప్రకారం యాక్సెస్ పాస్ కూడా కావాలి, అంటే ఆ దూరపు నీళ్లలో వేటకి పర్మిషన్. అదే పోర్టల్‌లో ఫ్రీగా ఇస్తారు, ఎవరైనా డబ్బులడిగితే ఇవ్వకండి. చిన్న సంప్రదాయ బోట్లకి ఈ పాస్ అక్కర్లేదు. ఎల్‌ఈడీ లైట్ల వేట, రెండు బోట్లు కలిసి లాగే ట్రాలింగ్ ఎవరికీ కుదరదు. ఋషికుల్య ముఖద్వారం దగ్గర తాబేళ్ల కోసం నవంబర్ 1 నుంచి మే 31 దాకా ఉండే ఆంక్షలు వేరే, లైసెన్స్ ఉన్నా అవి వర్తిస్తాయి.

బోటు సముద్రంలో ఎక్కడుందో తెలిపే ట్రాన్స్‌పాండర్ కూడా ప్రభుత్వమే ఉచితంగా పెడుతోంది, మీ బోటుకి వస్తుందా అని రిజిస్ట్రేషన్ అప్పుడే మత్స్యశాఖ వాళ్లని అడిగెయ్యండి. ఫోన్‌లో కోస్ట్‌గార్డ్ నంబర్ 1554 సేవ్ చేసుకోండి.